తెల్లగీత ఉన్న రాయి

మా ఇంట్లో గోడకి ఒక మేకు ఉంది. దానికి ఏదీ తగిలించకూడదు. చిన్నప్పుడు స్కూలు సంచీ తగిలించి అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను. పెద్దయ్యాక కెమెరా సంచీ తగిలించి తిట్లు తిన్నాను. మేకు పక్కన మా అమ్మమ్మ ఫోటో ఉంటుంది. నలుపు తెలుపు ఫోటో. నుదుట రూపాయంత బొట్టు, దాని మీద, అద్దానికి, అమ్మ రోజూ పొద్దున్నే పెట్టే ఇంకో బొట్టు. ఆ పక్క మేకు మా తాతదట. తాతకి ఫోటో లేదు, ఎప్పుడూ లేదు. లేని ఫోటోకి మేకెందుకని అడిగే ధైర్యం యాభై దాటినా నాకు రాలేదు.

నా పేరు సూర్యప్రకాష్. యాంగోన్‌లో నన్ను ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. తెలుగువాళ్ళకి సూరిని, బర్మావాళ్ళకి కో సూరిని, అంటే సూరన్నని. చౌక్తడా పేటలో కోర్టు వెనక వీధిలో మా నాన్న పెట్టిన ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఈమధ్య ఊళ్ళో కుర్రకారంతా పాస్‌పోర్టు ఫోటోల కోసమే వస్తున్నారు. కోటు లేనివాడికి కోటు వేస్తాను, మొటిమలున్న పిల్లకి మొటిమలు తీసేస్తాను. టచింగ్‌లో నా చెయ్యి మంచిదని పేరు. కాని నా ప్రాణమంతా వెనక గదిలో ఉన్న, ప్రింట్లు వేసే ఎన్‌లార్జర్ మీద, నలుపు తెలుపు రీళ్ళ మీద ఉంటుంది. కరెంటు ఎప్పుడుంటే అప్పుడు డార్క్‌రూమ్‌లో దూరతాను. రీళ్ళు దొరకడం మానేసి చాలా కాలమైంది. నా దగ్గర చివరికి ఒక్కటే మిగిలింది, అదీ ఫ్రిజ్‌లో, అమ్మ చింతపండు డబ్బా వెనక.

ఆ రీలుకి పని చెప్పింది దా తిన్ తిన్. ఆవిడ పాత యూదుల శ్మశానం కాపలా చూస్తుంది, అందులోనే కాపురం. వాళ్ళమ్మాయి పెళ్ళి ఫోటోలు నేనే తీశాను. "సిడ్నీ నుంచి ఒక పెద్దావిడ నలుపు తెలుపులో ఫోటో తీసేవాడు కావాలంటోంది, నీ నంబరిచ్చాను" అంది.

ఆ పెద్దావిడ పేరు ఫ్లోరా. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. పెళ్ళి కాకముందే వెళ్ళిపోయినా బర్మా భాష మరచిపోలేదు. ఇప్పుడు ఇక్కడ ఎవరూ వాడని పాతకాలపు మర్యాదలతో ఫోనులో మాట్లాడుతుంటే మా హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు అనిపించింది.

వాళ్ళ నాన్న వియన్నా నుంచి వచ్చి ఇక్కడ గడియారాల కొట్టు పెట్టుకున్నాడట. తక్కిన ఇంటిల్లిపాదీ అక్కడే ఉండిపోయారు. హోలోకాస్ట్‌లో హిట్లర్ మనుషులు ఆ ఇంట్లో ఒక్కరినీ మిగల్చలేదు. యుద్ధం అయ్యాక ఆయన ఈ శ్మశానంలో ఒక మూల రాతిపలక నిలబెట్టి తన వాళ్ళందరి పేర్లూ చెక్కించాడు. కింద ఒకే వాక్యం: వీళ్ళకి సమాధులు లేవు.

"నా గోడ మీద వాళ్ళందరి ఫోటోలూ ఉన్నాయి బాబూ, అన్నీ నలుపు తెలుపే" అంది ఫ్లోరా గారు. "ఈ పలక ఫోటో కూడా అలాగే ఉండాలి, లేకపోతే వాళ్ళలో కలవదు. ఇంకొక్క మాట. పలక మీద కొన్ని చిన్న రాళ్ళు ఉంటాయి. వాటిలో నల్లది ఒకటి, నడుం చుట్టూ తెల్లగీత ఉన్నది. మా తమ్ముడు జో, వియన్నాలో మా తాతగారి ఇల్లు ఉండే వీధిలో ఏరి, అక్కడిదాకా మోసుకెళ్ళి పెట్టాడు. వాడూ పోయాడు. నేను ఇక రాలేను. ఆ రాయి బాగా కనిపించాలి. పేర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఆ రాయి కనిపించాలి."

కనిపిస్తుందని మాటిచ్చాను.

నేను శ్మశానానికి వెళ్తున్నానంటే అమ్మ ఒంటరిగా పోనివ్వదు. ఎనభై దాటిన మనిషి, నాకు కాపలా. గొడుగు పట్టుకుని తయారైంది. గొడుగు కెమెరాకి పనికొస్తుంది కదా అని నేనూ ఊరుకున్నాను.

వెళ్ళేసరికే ఎండ నెత్తి మీదికొచ్చింది. పలక మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, పై నుంచి పడే వెలుగులో ఒక్కటీ తేలడం లేదు. పొద్దుటి ఏటవాలు ఎండ పడితే తప్ప లాభం లేదు. పలక నెత్తిన గుప్పెడు రాళ్ళున్నాయి, నల్లరాయి మధ్యలో ఉంది. రేపు తెల్లారి వద్దామనుకున్నాను.

అమ్మ పలక ముందు గట్టు మీద కూచుంది.

"ఈల్లెవుల్రా?"

"యూదులమ్మా. ఆ పరదేశంల యుద్దం అప్పుడు సంపీసినారు."

"ఒకే ఇంటోల్లా?"

"ఒకే ఇంటోల్లు."

"ఆడోల్లు, గుంటలు కూడానా?"

"అందర్నీ."

అమ్మ కాసేపు పేర్ల వంక చూసింది. ఆమెకి ఆ అక్షరాలు రావు. "మరి దహనం ఎవులు సేసినారు?" అంది.

 "సంపినోల్లే" అన్నాను. ఇక అక్కడ నిలబడలేక, దా తిన్ తిన్ టీకి పిలిస్తే వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి అమ్మ లేచి గేటు దగ్గర నిలబడి ఉంది. ఏటి అవతల దలాలో ఉండే తన చెల్లెలు అమ్ములు ఇంటికి వెళ్తానంది. ఆ అక్కచెల్లెళ్ళకి ఒకరినొకరు చూడకపోతే వారం గడవదు, చూస్తే గంట గడవకముందే తగువు. టాక్సీ ఎక్కించి రేవు దగ్గర దింపాను. చేతిసంచీ బరువుగా ఉంది. ఏమిటని అడిగితే "నీకెందుకు" అంది. ఆమె అన్నింటికీ ఇచ్చే జవాబే అది, నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. చలికాలపు ఎండ పక్క నుంచి పడుతోంది, ప్రతి అక్షరానికీ సన్నటి నీడ. నేను కోరుకున్న వెలుగు. స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, అద్దంలోంచి చూశాను. పలక నెత్తి నున్నగా ఉంది. ఒక్క రాయీ లేదు.

దా తిన్ తిన్‌ని కేకేశాను. ఆవిడ కాకుల్ని తిట్టింది, వీధి కుక్కల్ని తిట్టింది. ఇద్దరం గడ్డిలో వంగి వెతకడం మొదలుపెట్టాం. అమ్మ గొడుగు మీద చేతులు ఆనించి మమ్మల్నే చూస్తోంది.

"ఏటి ఎతుకుతున్నారు?"

"రాల్లే. పలక మీద ఉండేవి కదా, నిన్న సూసినావు."

"అయి ఇక్కడెందుకుంటాయి? నిన్ననే గంగలో ఒగ్గీసినాను కదా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గడ్డిలో వెతకడం మానేశాను.

మనలో మనిషి పోతే ఒక రాయి ఏరి నిలబెడతారు. పోయినవాణ్ణి అందులోకి పిలిచి, పది రోజులూ నువ్వులూ నీళ్ళూ ఇచ్చి, ఆఖరున ఏట్లో వదిలేస్తారు. వదలకపోతే ఆ మనిషి దాహంతో అక్కడే పడి ఉంటాడని నమ్మకం. పరాయివాళ్ళ శ్మశానంలో, చచ్చిపోయినవాళ్ళ పేర్ల మీద, వరసగా పేర్చిన రాళ్ళు చూసి మా అమ్మకి ఇంకేం తోస్తుంది?

"ఎండల మాడిపోతన్నార్రా అందరూ" అంది. "ఇన్నేల్లయినా ఒక్కడూ వచ్చి ఒగ్గనేదు. నువ్వులు కొని, దలా పడవ ఎక్కి, నడి ఏట్ల నీల్లిచ్చి ఒగ్గీసినాను. కొడుకులు లేనోల్లకి ఎవులు సేస్తే ఏటి?"

గర్వంగానే చెప్పింది. పుణ్యం చేశాననుకుంది, నేను మెచ్చుకుంటాననుకుంది.

దా తిన్ తిన్‌కి బర్మా భాషలో చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "అవి అసలు తీయకూడదు, కో సూరి. వచ్చినవాళ్ళు 'నేను వచ్చాను, మిమ్మల్ని మరచిపోలేదు' అని పెట్టి వెళ్ళే రాళ్ళవి. ఎంత కాలమైనా అక్కడే ఉండాలి. మా నాన్న కాలం నుంచీ ఊడ్చేటప్పుడు కూడా వాటి జోలికి పోము."

అమ్మకి బర్మా బాగా వచ్చు. ఆ మాటలన్నీ ఆమె కూడా విన్నది. అయినా నేను నోరు పారేసుకున్నాను. అడిగి చావొచ్చు కదా అన్నాను, నీ పుణ్యం నా కొంప ముంచిందన్నాను. నాకు అమ్మ మీద అరవడం అలవాటు, ఆమెకి పట్టించుకోకపోవడం అలవాటు. ఆ రోజు మాత్రం పట్టించుకుంది. గట్టు మీద కూచుని కొంగుతో మొహం తుడుచుకుంది.

వెలుగు మాత్రం మా గొడవ కోసం ఆగదు కదా. దారి పక్కన ఒక నల్లరాయి కనిపించింది. తీసి పలక నెత్తిన పెట్టాను. ఫోటో తీశాను. అమ్మ అటు తిరిగి ఉంది, చూడలేదనుకున్నాను.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. రీల్లో తీసిన ముక్క కత్తిరించి కడిగాను, ప్రింటు వేశాను. చాలా బాగా వచ్చింది. ఒక్కొక్క పేరూ రాతిలోంచి లేచి నిలబడింది. పైన నా దొంగరాయి, గీత లేని రాయి. సన్న కుంచె తీశాను, తెల్లరంగు కలిపాను. ఎన్నో చొక్కాల మీద కోట్లు వేసిన చేతికి రాయి మీద ఒక గీత వేయడం ఎంత పని? ఫ్లోరా గారికి ఎప్పటికీ తెలియదు. ఆవిడ ఇక రాదు. గోడ మీద పెట్టుకుని తృప్తిగా చూసుకుంటుంది. ఎవరికి నష్టం?

సగం గీత వేశాను. వెనక కేరియర్ చప్పుడైంది. అమ్మ అన్నం తెచ్చింది.

నా భుజం మీంచి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ రాయి అది కాదు కదరా."

"ఆయమ్మికి తెలదు."

"నాకు తెలుస్తాది. రోజూ పొద్దున్న లేచి, ఆయమ్మి దీనికి దండం ఎట్టుకుంటాది. తమ్ముడి సెయ్యి తగిలిన రాయనుకుని, ఎవుల్దో రాయికి."

"మరి ఏటి సెయ్యమంటావు? నువ్వు సేసిన పనికి ఇంకో దారుందా?"

అమ్మ కేరియర్ బల్ల మీద పెట్టి కుర్చీలో కూచుంది. నేను అడక్కుండానే మేకు సంగతి చెప్పింది.

"మా నాన్నని జపానోల్లు సయాం అడవుల్ల రైలుపట్టాలు ఏసే పనికి ఒట్టుకుపోనారు. నానప్పుడు సంకబిడ్డని, అమ్ములు కడుపుల ఉంది. యుద్దం అయిపోనాక అందరూ రాడం మొదలెట్టినారు, మా నాన్న రానేదు. ఒకడొచ్చినాడు. 'నీ మొగుడు బతికే ఉన్నాడమ్మా, నా కల్లతో సూసినాను, వస్తాడు' అని సెప్పి, అన్నం తిని ఎల్లిపోనాడు. జాలిపడి సెప్పినాడో, ఆకలికి సెప్పినాడో నాకు తెలదు. మాయమ్మ ఆ మాట ఒట్టుకుని సచ్చిందాకా బొట్టెట్టుకుంది. మనిషి రాగానే ఫోటో తీయించి పక్కన ఎడతానని మేకు కొట్టించింది. రాయి నిలపనేదు, నీల్లు ఒగ్గనేదు. ఎవులైనా ఒగ్గమంటే కొట్టడానికి ఎల్లేది." కేరియర్ నా వైపు జరిపింది. "ఆడు సెప్పింది కూడా మంచి అబద్దమే, సూరీ. ఆ మంచి అబద్దం మాయమ్మని తినీసింది."

నేను కుంచె కింద పెట్టాను.

"ఫోను కలుపు. నాను మాటాడతాను."

కలిపాను. స్పీకరు పెట్టాను. నాకు భయంగా ఉంది, ఆమెకీ భయంగానే ఉంది. ఇద్దరు ముసలివాళ్ళూ బర్మా భాషలో మాట్లాడుకున్నారు. అమ్మ ముందు తన పేరు చెప్పింది, ఫలానా వీధి అని చెప్పింది, ఫ్లోరా గారు ఆ వీధి మలుపులో ఐసు ముక్కలమ్మే దుకాణం ఇంకా ఉందా అని అడిగింది, లేదంది అమ్మ. తర్వాత రాళ్ళు తీసింది తనేనని చెప్పింది. ఎందుకు తీసిందో చెప్పింది. మా ఆచారం చెప్పింది, తన తండ్రి సంగతి చెప్పింది. "మీవాళ్ళు మా నాన్నలాగే ఉండిపోయారనుకున్నానమ్మా. నీళ్ళిస్తే పోతారనుకున్నాను. మీ పద్ధతి వేరని నాకు తెలియదు. తప్పయిపోయింది" అంది.

అమ్మ చెప్పిందంతా ఆవిడ చివరిదాకా విన్నది.

"అది జో రాయి" అంది ఫ్లోరా గారు. "వాడిది నాకు ఇంకేమీ మిగల్లేదు."

ఫోను పెట్టేసింది.

వారం గడిచింది. ప్రింటు చింపేశాను. అమ్మ దలా వెళ్ళడం మానేసింది. అమ్ములు పిన్నే ఫోను చేసి, తగువాడటానికి మనిషి లేక తోచడం లేదని గోల పెట్టింది. రోజూ సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే పై నుంచి ఒకటే ప్రశ్న: "ఆయమ్మి ఫోను సేసిందేటి?" లేదనగానే లోపలికి వెళ్ళిపోయేది. నాకు జాలేసేది. తిట్టినందుకు సిగ్గేసేది కూడా.

తర్వాత ఒక ఉదయం ఫోనులో ఫ్లోరా గారి గొంతు రికార్డయి వచ్చింది. అమ్మని పక్కన కూచోబెట్టుకుని విన్నాను.

"కో సూరీ, మీ అమ్మగారి మీద కోపం పోయిందంటే అబద్ధం అవుతుంది. ఆవిడ నాతో నిజం చెప్పింది, నేనూ నిజమే చెప్పాలి. కోపం ఉంది. కాని ఈ వారమంతా నాకొకటే తలపు. మా వాళ్ళకి ఎవరూ స్నానం చేయించలేదు, మట్టి వేయలేదు. ఎవరో ఒకామె, ముక్కూ మొహం తెలియనామె, దాహంగా ఉంటారని వాళ్ళకి నీళ్ళు ఇచ్చింది. ఆ పలక ఫోటో మళ్ళీ తీయి. పైన ఏమీ పెట్టకు, ఖాళీగానే ఉండనీ. ఇంకోటి కూడా తీయి. జో రాయి ఎక్కడ పడిందో ఆ నీళ్ళు నాకు చూడాలని ఉంది. అదీ నలుపు తెలుపులోనే."

అమ్మ లేచి వెళ్ళి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, గొడుగు తీసుకుంది.

పలక ఫోటో ముందు అయిపోయింది. తర్వాత దలా పడవ ఎక్కాం. పైఅంతస్తులో జనం పక్షులకి మేత విసురుతున్నారు, నీటి పక్షులు పడవ చుట్టూ అరుస్తున్నాయి. బుట్టల్లో చేపలు, సైకిళ్ళు, బజారు నుంచి ఇళ్ళకి పోయేవాళ్ళు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని రేవు వైపు చూస్తూ నిలబడింది.

"ఆ గడియారం మేడ, పక్కనున్న క్రేనూ ఒక దగ్గరికొస్తాయి సూడు. అప్పుడు."

"అంత గురుతెలా ఎట్టుకున్నావు?"

"ఒగ్గినోల్లు గురుతెట్టుకోవాలి కదరా. మరెవులు ఎట్టుకుంటారు?"

మేడా క్రేనూ దగ్గరయ్యాయి. "ఇక్కడే" అంది. నేను వరసగా తీశాను. రీలు అయిపోయేదాకా తీశాను.

యాంగోన్ నది చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు, బురదరంగు. మర్నాడు ప్రింటు డెవలపర్ మందులో తేలుతుంటే చూశాను. నలుపు తెలుపులో బురద పోయింది, నీళ్ళు మిగిలాయి. పడవ వెనక నురుగు గీత ఒకటి తెల్లగా, కింది నుంచి పైదాకా. ఆ గీత చూసి నా కళ్ళు తడిశాయి. చీకటి గదిలో ఎవరూ చూడరు కాబట్టి ఏడ్చాను.

ప్రింటు ఆరాక ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను. వెలుగులో పెట్టుకుని చూసింది.

"ఇది ఆయమ్మికా?"

"అవును."

"ఇంకోటి తియ్యి."

"ఎవులికి?"

అమ్మ నా వైపు చూడలేదు. గోడ వైపు చూసింది.

రెండో ప్రింటు మొదటిదానికంటే శ్రద్ధగా వేశాను. ఫ్రేము కట్టించాను. అమ్మమ్మ ఫోటో పక్కన, ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న మేకుకి, నేనే కుర్చీ ఎక్కి తగిలించాను. మేకు తుప్పు పట్టింది కాని గట్టిగానే ఉంది.

అమ్మ స్నానం చేసి, కుంకుమ భరిణె తెచ్చింది. ముందు అమ్మమ్మకి పెట్టింది. తర్వాత వేలికి కుంకుమ అద్దుకుని నది ముందు నిలబడిపోయింది.

"దీనికి బొట్టెక్కడ ఎట్టాల్రా?"

కోటు లేనివాడికి కోటు వేసినవాణ్ణి, నేను కూడా ఆ ఫోటోలో నుదురు కోసం వెతికాను. అమ్మ ఎడమచెయ్యి చాచి, అమ్మమ్మ నుదుటి బొట్టు ఫ్రేము కింది అంచు నుంచి ఎంత ఎత్తులో ఉందో జానతో కొలిచింది. ఆ జాన అలాగే పక్కకి జరిపి, సరిగ్గా అంత ఎత్తులో, నీళ్ళ మీద పెట్టింది.